ఫోన్‌లో మేడమ్ ఏమన్నది

సమ్మమ్మ చాయ్ ముట్టలేదు.

ఫాతిమా బేగం పెట్టిన గ్లాసు గడప పక్కన అలాగే ఉంది. పైన మీగడ కట్టింది. కాశిబుగ్గ నుంచి మట్టెవాడ దాకా మనవరాలి చెయ్యి పట్టుకుని నడిచొచ్చిన ఆ ముసలామె, వచ్చినప్పటి నుంచి ఒకటే మాట మీద ఉంది. టీచరమ్మ కువైట్‌కు ఫోన్ చేసి తన బిడ్డ సుకన్య ఎట్లా ఉందో కనుక్కునే దాకా ఈ గడప దిగదట.

టీచరమ్మ అంటే షాహీన్. ఆమె లోపలి గదిలో మంచం మీద మోకాళ్లు దగ్గరికి ముడుచుకుని కూర్చుంది. ఓరగా వేసిన తలుపులోంచి ఆమెకు సమ్మమ్మ వీపు, ఆ పక్కన మనవరాలు కావ్య జడ కనిపిస్తున్నాయి. కావ్య ఎనిమిదో తరగతి. యూనిఫాం వేసుకుంది కానీ బడికి వెళ్లలేదు. వారం నుంచీ వెళ్లడం లేదు.

"జుమ్మా నమాజు కాంగనె మా ఆయన వస్తడు. ఏదన్న ఉంటె ఆయనతోని మాట్లాడు" అంది ఫాతిమా బేగం. "చిన్న పిల్ల, ఆమెకేం తెలుసు?"

"ఆమెకు తెలువకపోతె ఎవలకు తెలుస్తదమ్మా. ఆ దేశంల పుట్టింది, ఆళ్ల మాట మాట్లాడుతది. మా పిల్లకు గవన్ని చెప్పింది గూడ ఆమెనే కదా."

సమ్మమ్మ గొంతు పెంచలేదు. ఫాతిమా బేగానికి అదే కష్టంగా ఉంది. ఎదుటి మనిషి కొట్లాటకు దిగితే తనకూ నోరుంది. ఇట్లా నెమ్మదిగా మాట్లాడేవాళ్లతో ఏం చేయాలో ఆమెకు తెలియదు.

ఆమె లోపలికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"ఇంటానవా?"

షాహీన్ తలూపింది. ఫాతిమా బేగం ఆమెకు ఫుప్పు, తండ్రి రయీస్‌కు అక్క. బీఈడీ చదవడానికి కువైట్ నుంచి వరంగల్‌కు వచ్చి ఏడాది దాటినా ఈ ఫుప్పు కోపంలో ఉందో, మామూలుగా మాట్లాడుతోందో పోల్చుకోవడం షాహీన్‌కు ఇంకా పూర్తిగా చేతకాలేదు. ఇవాళ మాత్రం అనుమానం లేదు.

"పాఠం చెప్పుమంటె పాఠం చెప్పాలె. మంది ఇండ్ల ముచ్చట్లు నీకెందుకు?"

"అది పాఠంలోనే ఉంది ఫుప్పూ. వలసలు అని."

"కువైట్‌ల పనోళ్లు ఏడ్సుడు గూడ పుస్తకంల రాసి ఉన్నదా?"

పుస్తకంలో అది లేదు. అది ఆమె కళ్లతో చూసింది.

బీఈడీ వాళ్లను పాఠాలు చెప్పడం నేర్చుకోమని బళ్లకు పంపినప్పుడు, షాహీన్‌కు కాశిబుగ్గలోని ఒక సర్కారు బడి వచ్చింది. మొదటి రోజు ఆమె పిల్లలతో "మీరందరూ దయచేసి కూర్చోండి" అంటే క్లాసు క్లాసంతా నవ్వింది. ఆ తెలుగు ఆమె కువైట్‌లో అమ్మ దగ్గర కొంత, పుస్తకాల్లో కొంత నేర్చుకున్నది. పిల్లలు ఆమెకు కువైట్ టీచర్ అని పేరు పెట్టారు. పోచమ్మ మైదాన్ దగ్గర రోడ్డు దాటలేక నిలబడిపోతే, ఆ పిల్లలే వచ్చి చెయ్యి పట్టుకుని దాటించేవారు. ఈ ఊళ్లో ఆమెకు మొదట దగ్గరైనది వాళ్లే.

వలసల పాఠం చెబుతున్నప్పుడు ఒక పిల్ల లేచి, టీచర్, మీరు చూసింది చెప్పండి అని అడిగింది. షాహీన్ చెప్పింది. తాము ఉండే బిల్డింగులో పై ఫ్లోర్ వాళ్ల ఇంట్లో ఒక తెలుగామె పనిచేసేదని, మిద్దె మీద బట్టలు ఆరేస్తూ ఏడ్చేదని, ఆమె పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉండేదని. రావాలనుకుంటే రాలేరా అని ఇంకెవరో అడిగారు. వాళ్లు పంపకపోతే కష్టమే అని చెప్పింది. మూడో వరుసలో కూర్చున్న కావ్య తల్లి కువైట్‌లోనే ఒకరి ఇంట్లో పని చేస్తోందని ఆమెకు అప్పుడు తెలియదు.

ఆ ఆదివారం తల్లి ఫోన్ చేసినప్పుడు కావ్య ఏడ్చింది. తల్లి ఫోన్ పెట్టేసింది. అప్పటి నుంచి ఆ నంబర్ స్విచ్ఛాఫ్.

టీచరమ్మ చెప్పిన మాటలకే పిల్ల ఏడ్చిందని సమ్మమ్మ బడికి వచ్చింది. షాహీన్ క్లాసులు చూసే రాజేశ్వర్ రావు సారు షాహీన్‌ను స్టాఫ్ రూం బయటికి పిలిచి, మంచి మాటలతోనే, ఈ విషయం చల్లబడే దాకా రావద్దమ్మా అన్నాడు. ఎప్పటికి చల్లబడుతుందో చెప్పలేదు. క్లాసులు పూర్తికాకపోతే ఈ ఏడాది పోయినట్టే.

షాహీన్ అబ్బా రయీస్ కువైట్ నుంచి ఫోన్ చేసి, వాళ్లకు మాఫీ చెప్పి చదువు కానివ్వమన్నాడు. దేనికి మాఫీ చెప్పాలి అని షాహీన్ అడిగితే, దేనికో ఒకదానికి చెప్పు బేటీ అన్నాడు. నేను ఇంటికి వచ్చేస్తాను అంది ఆమె. ఆ దేశం బయట ఆర్నెల్లు దాటి ఉన్నందుకు ఆమె కువైట్ పర్మిట్ ఎప్పుడో రద్దయింది. వెళితే చుట్టం చూపుగా వెళ్లాలి, మళ్లీ రావాలి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఎవరూ నోటితో అనలేదు.

"నువ్వు ఫోన్ చెయ్యకు" అంది ఫాతిమా బేగం. "ఫోన్ చేసినవనుకో, రేపు ఆమెకు ఆడ ఏమన్నా అయితె మనమే జిమ్మెదారీ అంటరు. మన పేరు అందుల ఎందుకు రావాలె?"

"చేయకపోతే ఏమంటారు ఫుప్పూ?"

ఫాతిమా బేగం దుపట్టా సర్దుకుంది. ఏమంటారో ఆమె ఆలోచించలేదు.

బయట స్కూటర్ ఆగిన చప్పుడయింది.

ఫాతిమా బేగం భర్త, షాహీన్‌కు ఫూఫా అయిన నయీముద్దీన్ తల మీద టోపీ తీయకుండానే లోపలికి వచ్చాడు. మట్టెవాడ బజారులో ఆయనకు సూట్‌కేసుల దుకాణం ఉంది. అంతకుముందు చాలా ఏళ్లు కువైట్‌లో ఒక పెద్దింట్లో డ్రైవర్‌గా పనిచేశాడు. ఈ వారమంతా ఇంట్లో షాహీన్ పక్షాన మాట్లాడింది ఆయన ఒక్కడే. నేను ఆడ కారు నడిపిన, పిల్ల చెప్పిందాంట్ల ఒక్క మాట అబద్ధమున్నదా అని అన్నం తింటూ భార్యను నిలదీశాడు. తెలిసింది తెలిసినట్టు చెప్పేటోళ్లే టీచర్లు అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకునే షాహీన్ ఈ వారం గడిపింది.

ఆయన గడప దగ్గర గొంతుక్కూర్చుని సమ్మమ్మ చెప్పిందంతా విన్నాడు. మగ దిక్కు లేని ఇల్లు. అల్లుడు చనిపోయాక సుకన్య కువైట్ వెళ్లింది. సమ్మమ్మే మగ్గాలకు నూలు కండెలు చుట్టుకుంటూ ఈ పిల్లను సాదుతోంది. ప్రతి ఆదివారం బిడ్డ గొంతు వినేది. ఇప్పుడు ఆ నంబరే కలవడం లేదు.

"మొదట్ల పనిచేసే ఇంటి మేడమ్ ఫోన్లకెళ్లి చేసేది మా సుకన్య. ఆ నంబర్ ఇందుల ఉన్నది" అని సమ్మమ్మ కొంగుముడి విప్పి చిన్న టచ్ ఫోన్ తీసింది. "నాకు ఆళ్ల మాట రాదు. మంచిగున్నదా లేదా, గంత అడుగుండ్రి చాలు."

నయీముద్దీన్ షాహీన్‌ను పిలిచాడు.

ఫాతిమా బేగం భర్త వైపు చూసింది. ఆయన ఆ చూపు చూసీ చూడనట్టు, ఇవాళ శుక్రవారం, ఆడ ఛుట్టీ, ఆమె ఇంట్లనే ఉంటది అన్నాడు. అడుగుడుల తప్పేమున్నది అన్నాడు. ఫాతిమా బేగం వంటగదిలోకి వెళ్లిపోయింది. గిన్నెలు కడిగే చప్పుడు మొదలైంది.

షాహీన్ తన ఫోన్‌లో నంబర్ కొట్టింది. స్పీకర్ పెట్టమంది సమ్మమ్మ. మీకు అర్థం కాదు కదా అంది షాహీన్.

"కాకున్నా మంచిదే బిడ్డా. నా బిడ్డ ఉన్న ఇల్లు ఎట్ల వినవడ్తదో ఇంట."

రింగ్ చాలాసేపు అయింది. తర్వాత ఒక ఆడగొంతు, కాస్త నిద్రమత్తుగా, ఎవరు అంది.

ఆ ఒక్క మాటకే షాహీన్ భుజాలు సడలాయి. ఆమె పుట్టి పెరిగిన వీధుల అరబ్బీ అది. టీవీలో వినిపించే అరబ్బీ కాదు, వాళ్లుండే సాల్మియాలో పక్కింటి ఆమె మాట్లాడే అరబ్బీ. ఏడాది నుంచి ఒక్కో తెలుగు మాటనూ మనసులో సరిచేసుకుని మాట్లాడుతున్న నోరు, ఏ తడబాటూ లేకుండా తెరుచుకుంది. సలాం చెప్పింది, క్షేమం అడిగింది, సుకన్య ఇంటివాళ్ల తరఫున మాట్లాడుతున్నానంది. తనకు తెలియకుండానే ఆమె ముఖం మీదికి నవ్వు వచ్చింది.

సమ్మమ్మ ఆ నవ్వు చూసింది. మనవరాలి భుజం పట్టుకుంది.

అవతల మేడమ్ ఆశ్చర్యపోయింది. సుకన్యా, రాహతిల్ హింద్ అంది. ఆమె ఇండియా వెళ్లిపోయింది కదా అని. రంజాన్‌కు ముందే వెళ్లింది, ఎయిర్‌పోర్టు దాకా మేమే తీసుకెళ్లి దించాం, పిల్లలు ఏడ్చారు, చేరాక ఫోన్ చేస్తానన్నది, చేయలేదు. హింద్‌లో తన కూతురి దగ్గర లేదా అని అడిగింది.

రంజాన్ అయిపోయి, బక్రీదు కూడా అయిపోయి చాలా రోజులైంది.

షాహీన్ ముఖం మీద నవ్వు అలాగే ఉండిపోయింది. దాన్ని ఎట్లా తీసేయాలో తెలియలేదు. ఆమె నయీముద్దీన్ వైపు చూసింది. ఆయన అంతా విన్నాడు. అరబ్బీ ఆయనకూ ఆమెకు వచ్చినంత వచ్చు.

"ఏమన్నదమ్మా?" అని సమ్మమ్మ అడిగింది.

షాహీన్ నోరు తెరిచే లోపే నయీముద్దీన్ చేయి చాపి ఫోన్ తీసుకున్నాడు. మేడమ్‌కు రెండు ముక్కల్లో థాంక్స్ చెప్పి కట్ చేశాడు.

"మంచిగున్నదట. ఫోన్ నీళ్లల్ల పడి ఖరాబైందట. కొత్తది కొనంగనె చేస్తదట. ఏం ఫికర్ చెయ్యకు."

సమ్మమ్మ రెండు చేతులతో ముఖం కప్పుకుంది. ఆ చేతుల వెనక ఆమె ఏడుస్తోందో, దేవుణ్ణి తలుచుకుంటోందో తెలియలేదు. తర్వాత లేచి నయీముద్దీన్ కాళ్లకు మొక్కబోయింది. ఆయన వెనక్కి జరిగి, గట్ల చెయ్యద్దమ్మా అని ఆమె చేతులు పట్టుకున్నాడు. ఆమె షాహీన్ దగ్గరికి వచ్చి గడ్డం పట్టుకుని, నేను నిన్ను చాన అన్న బిడ్డా, మనసుల పెట్టుకోకు అంది. రేపే బడికి పోయి రాజేశ్వర్ రావు సారుకు చెప్తానంది.

షాహీన్ బొమ్మలా నిలబడింది. వారమంతా ఆమె కోరుకున్నది ఇదే. ఈ ముసలామె తనను క్షమించాలని, మళ్లీ క్లాసుకు పోవాలని. ఇప్పుడు రెండూ ఒక్కసారే చేతికి వచ్చాయి.

నయీముద్దీన్ ఆటో పిలుస్తానని వాకిట్లోకి నడిచాడు. షాహీన్ వెంట వెళ్లింది. ఆమె అరబ్బీలోనే, గొంతు తగ్గించి అడిగింది.

"ఎందుకు అట్లా చెప్పారు?"

ఆయన కూడా అరబ్బీలోనే జవాబిచ్చాడు. ఆ భాషలో ఫూఫా వేరే మనిషిలా వినిపించాడు, ఎవరింట్లోనో చేతులు కట్టుకుని నిలబడిన మనిషిలా.

"దేశానికి వచ్చిన ఆడమనిషి ఇన్ని నెలలు ఇల్లు చేరలేదంటే దానికి ఏదో కారణం ఉంటుంది. ఏం కష్టంలో ఉందో మనకు తెలుసా? ఇప్పుడీ మాట ఇక్కడ చెప్తే పొద్దుగూకే లోపల కాశిబుగ్గ అంతా చెప్పుకుంటారు. రేపు ఆమె తిరిగొస్తే ఏ ముఖంతో వస్తుంది?"

"తెలిసింది తెలిసినట్టు చెప్పాలి అన్నారు."

"అన్నాను."

"మరి?"

ఆయన టోపీ తీసి మడిచి జేబులో పెట్టుకున్నాడు. బాంబేలో తనకు తెలిసిన ట్రావెల్స్ వాళ్లున్నారని, కనుక్కుంటానని, కొన్నాళ్లు ఓపిక పట్టమని చెప్పాడు. నిజం దాచమనడం లేదు, ఆగి చెబుదాం అంటున్నాను అన్నాడు. షాహీన్‌కు ఆ రెండింటి మధ్య తేడా దొరకలేదు. కానీ ఆయన చెప్పింది తప్పని కూడా అనలేకపోయింది. పోయినసారి తను ముందూ వెనకా చూడకుండా చెప్పేసింది. దాని ఫలితం గడప దగ్గరే నిలబడి ఉంది.

సమ్మమ్మ చెప్పులు వెతుక్కుంటోంది. షాహీన్ ఆమె ముఖం చూడలేక లోపలికి, వంటగదిలోకి వెళ్లిపోయింది. ఫాతిమా బేగం సింకు దగ్గర అటు తిరిగి గిన్నెలు కడుగుతోంది. వెనక్కి తిరగలేదు, ఏమైందని అడగలేదు.

"టీచర్."

కావ్య వంటగది గుమ్మంలో నిలబడి ఉంది. మంచినీళ్లు కావాలంది. షాహీన్ గ్లాసు ఇచ్చింది. పిల్ల తాగలేదు, గ్లాసు పట్టుకుని నిలబడింది.

"టీచర్, హింద్ అంటె ఇండియానే కదా?"

షాహీన్ చెయ్యి స్టవ్ గట్టు మీద ఆగిపోయింది.

"ఆ మేడమ్ రెండుసార్లు హింద్ అన్నది. మేం బడిల రోజు జై హింద్ అంటం కదా." కావ్య గ్లాసులోకి చూస్తూ మాట్లాడుతోంది. "మా అమ్మ ఇండియాల్నే ఉన్నది కదా టీచర్."

పిల్ల తనే చెప్పడం మొదలుపెట్టింది.

ఆ ఆదివారం అమ్మ తన కువైట్ నంబర్ నుంచే వాట్సాప్‌లో ఫోన్ చేసిందట. ఎప్పటిలాగే వీడియో వద్దు, నెట్ సరిగ్గా లేదు అన్నదట. మాట్లాడుతుండగా అమ్మ వెనక నుంచి ఉల్లిగడ్డల ఆటో మైకు వినిపించిందట. ఉల్లిగడ్డలమ్మా ఉల్లిగడ్డలు అని, తెలుగులో.

"కువైట్‌ల ఉల్లిగడ్డల ఆటో తెలుగుల ఒర్రుతదా టీచర్?"

షాహీన్ తల అడ్డంగా ఊపింది. ఆమె పుట్టి పెరిగిన ఊరి గురించి అడిగిన ప్రశ్న అది. దానికి జవాబు తెలియదని చెప్పే దారి లేదు.

"ఎక్కడున్నవమ్మా అని అడిగిన. గంతే, కట్ చేసింది. మల్ల కలవలే." కావ్య గ్లాసు గట్టు మీద పెట్టింది. "నేను మీ పాఠం ఇని ఏడ్వలే టీచర్. అమ్మమ్మ ఎందుకేడుస్తానవే అని అడిగితె ఏం చెప్పాల్నో తెల్వక మీ పేరు చెప్పిన. మిమ్ముల బడికి రావద్దంటరని నాకు తెల్వదు."

సింకులో నీళ్ల చప్పుడు ఆగింది. ఫాతిమా బేగం కొళాయి కట్టేసింది, కానీ ఇటు తిరగలేదు.

"అమ్మమ్మకు చెప్పాల్నా వద్దా టీచర్? నాకు తెలుస్తలేదు. మీరే చెప్పుండ్రి."

వారం కిందట వలసల గురించి లేచి నిలబడి అడిగినట్టే ఇప్పుడూ ఒక పిల్ల అడుగుతోంది. తల్లి ఎక్కడో ఈ దేశంలోనే, ఉల్లిగడ్డల ఆటో తిరిగే ఏదో వీధిలో ఉంది. కూతురి దగ్గరికి రాకుండా, కూతురితో కువైట్‌లో ఉన్నానని చెబుతూ. ఎందుకో ఎవరికీ తెలియదు. ఆగుదామన్న ఫూఫా మాటలో న్యాయం ఉంది. కానీ ఆగితే ఈ పిల్ల ఈ బరువు ఒక్కతే మోస్తూ తిరుగుతుంది, అమ్మమ్మ పక్కన పడుకుని, పొద్దున లేచి, ఏమీ తెలియనట్టు.

"కావ్యా, ఆటో వచ్చిందే" అంటూ సమ్మమ్మ లోపలికి వచ్చింది. గుమ్మంలో ఆగి మనవరాలి ముఖం చూసింది. తర్వాత షాహీన్ ముఖం చూసింది. కొద్దిసేపటి కిందటి తేలికతనం ఆమె ముఖంలోంచి కొంచెం కొంచెంగా తొలగిపోయింది.

"ఏమైంది బిడ్డా?"

ఆమె వెనక నయీముద్దీన్ వచ్చి నిలబడ్డాడు. ఆయనకు అర్థమైంది. సమ్మమ్మ తల మీదుగా షాహీన్‌ను చూస్తూ, వద్దన్నట్టు మెల్లగా తల ఊపాడు.

షాహీన్ ఆయన్ని చూసింది, పిల్లను చూసింది. ఏది సరైనదో ఆమెకు ఇప్పటికీ తేలలేదు. ఆమె నోరు విప్పేలోగా, ఇంతసేపూ అటు తిరిగి ఉన్న ఫాతిమా బేగం తడి చేతులు దుపట్టాకు తుడుచుకుంది. గోడ దగ్గరి పీట తెచ్చి సమ్మమ్మ ముందు వేసింది. భర్త వైపు చూడలేదు.

"ఆటోను పొమ్మను" అంది. తర్వాత సమ్మమ్మ భుజం మీద చెయ్యి వేసింది. "కూసో అక్కా. ఫోన్ల ఏమన్నరో మా పిల్ల చెప్తది."